నల్ల మోటారు, తడిగుడ్డ

మొన్న మా మనవరాలు స్వప్న తన కారుకు మెరుగు పెట్టించడానికి రాయదుర్గం మెట్రో స్టేషను పక్కనున్న ఒక దుకాణానికి పోతూ, "ఒక్కదానివే ఇంట్ల కూసోని ఏం జేస్తవ్ అమ్మమ్మా, నువ్వు గూడ రా" అని నన్ను వెంట తీసుకుపోయింది. మేముండేది మణికొండలో, తొమ్మిదో అంతస్తులో. కిందికి దిగడమే నాకు ఊరికి పోయినట్టు. ఆ దుకాణంలో అద్దాల గది, చల్లటి గాలి, పట్టపగలు వెలిగే దీపాలు. ఒక పిల్లగాడు మోకాళ్ళ మీద వంగి, గుండ్రంగా తిరిగే మిషినును కారు తలుపు మీద ఆడిస్తున్నాడు. ఇటు స్వప్నకు ఆఫీసు నుంచి ఫోను వస్తే మాట్లాడుకుంటూ బయటికి పోయింది. నేను కుర్చీలో కూర్చున్నాను. కొంచెంసేపటికి వేడెక్కిన రంగు వాసన ముక్కుకు తగిలింది. మిగతా వాసనలన్నీ మారిపోయాయి. ఆ రోజుల్లో మెరుగు పెట్టే ముద్దకు కిరసనాయిలు వాసన ఉండేది, ఇప్పుడు ఏదో సబ్బు వాసన వస్తోంది. కానీ మిషినుకు తొడిగిన ఉన్ని కింద రంగు వేడెక్కితే వచ్చే ఆ కమురు మాత్రం అదే. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, ఖాళీగా. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదు. అందుకే ఈ కాగితాలు ముందు వేసుకుని కూర్చున్నాను. నేను చదివింది వీధిబడిలో రెండేళ్ళే. అక్షరాలు వంకరగా వస్తాయి, జ్ఞాపకం మాత్రం తిన్నగానే ఉంది.

నేను ఈ రాయదుర్గానికి కోడలిగా వచ్చేనాటికి ఇక్కడ మనుషుల కన్నా బండలు ఎక్కువ. ఏనుగుల మంద పడుకున్నట్టు ఎటుచూసినా నల్లబండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఊరికి అవతల, బండల మధ్య మా సర్కారు వారి శికారు బంగళా ఉండేది. ఆయన పేరు ఇప్పుడెందుకు, జాగీర్దారు, అంతే. పట్నంలో ఆయనకు దేవిడీ, అంటే పెద్ద మేడ, ఉండేదట, నేను చూడలేదు. మోటారు కార్లంటే మాత్రం ఆయనకు పానం. నాలుగు మోటార్లను ఈ బంగళా వెనక షెడ్డులో ఉంచేవారు. ఆ షెడ్డును మోటార్‌ఖానా అనేవాళ్ళం. దాని వెనక గోడకు ఆనుకుని ఒక గది, గది ముందు రెండు నిట్టాళ్ళ పంచ. అదే మా ఇల్లు. మా పుట్టింట్లో పదకొండు మందిమి. పొయ్యి దగ్గర ఒకరు, కవ్వం దగ్గర ఒకరు, తిట్టేవారొకరు, నవ్వేవారొకరు. అక్కడి నుంచి ఇక్కడికి వస్తే ముగ్గురమే. అత్త నేను రాకముందే పోయింది. పొద్దున మామ, మా ఆయన మోటార్‌ఖానాలోకి పోతే, ఇక పొద్దుగూకేదాకా నాతో మాట్లాడే నోరు లేదు. జొన్నలు విసురుతూ తిరగలితో మాట్లాడేదాన్ని. మా అమ్మ పాడే విసురుపాట ఒకటి పాడితే బండలకు తగిలి నా గొంతే నాకు తిరిగి వచ్చేది. మొదట్లో భయం వేసి ఆపేసేదాన్ని. తర్వాత తర్వాత అదే తోడయింది.

మా మామ రామయ్య బగ్గీలకు వార్నిషు వేసిన మనిషి. ఆయన దగ్గర ఎప్పుడూ అవిసెనూనె వాసన, దాని వెంట చుట్ట వాసన. పొద్దున లేవగానే కుంచెలు నూనెలో నుంచి తీసి, ఒక్కో వెంట్రుకా దువ్వినట్టు వేళ్ళతో సర్ది, మళ్ళీ నూనెలో ముంచేవాడు. పని ఉన్నా లేకపోయినా అంతే. అన్నం తినేటప్పుడు మాట్లాడేవాడు కాదు. తిన్నాక మాత్రం చెంబెడు నీళ్ళు అడిగి, తాగి, "సల్లగుండు బిడ్డా" అనేవాడు. ఆ మాట కోసం నేను కడవలోని నీళ్ళకు తడిబట్ట చుట్టి, నీడలో పెట్టి, ఆయన అడిగే వేళకు చల్లగా ఉండేట్టు చూసేదాన్ని. రోజంతా నాకు దొరికే మంచిమాట అదొక్కటే మరి. నేను వచ్చిన ఏడే ఆయన చూపు తగ్గడం మొదలైంది. మనిషిని గుర్తుపట్టేవాడు కానీ, రంగు మీద గీత కనిపించేది కాదు. అరచేయి ఆనించి చూసి చెప్పేవాడు.

మా ఆయన నర్సింలు. ఆయనకూ నాకూ ఏడేళ్ళ తేడా. మాట తక్కువ. ఆ కాలంలో పెద్దల ముందర మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం తప్పు. మామ ఎప్పుడూ పంచలోనే ఉండేవాడు కనుక మాకు మాటల వేళే ఉండేది కాదు. అసలే మాటలు తక్కువ మనిషి, పైగా అలవాటు పోయింది. "అన్నం బెట్టు", "అంగీ ఏడున్నది", ఇంతే. ఆయన కోపిష్టి కాదు, చెడ్డవాడు కాదు. బావి లోతుగా ఉండి తాడు చాలకపోతే ఎట్లా ఉంటుందో, ఆయనతో అట్లా ఉండేది.

అట్లాంటి రోజుల్లో మెరుగుపెట్టే మిషిను వచ్చింది. బొంబాయి నుంచి సర్కారు తెప్పించారు. ఇనుప పీట మీద ఒక కరెంటు మోటారు, దాని నుంచి ఏనుగు తొండంలాంటి గొట్టం, గొట్టం చివర గొర్రె ఉన్ని టోపీ తొడిగిన పళ్ళెం. బంగళా వెనక ఆయిలింజను నడిపిస్తేనే కరెంటు. ఇంజను మొదలైతే దద్దరిల్లిపోయేది, పక్కనున్న మనిషి అరిచినా వినపడేది కాదు. మిషినుతో పాటు రేకు డబ్బాల్లో మెరుగుముద్ద వచ్చింది. తడిపిన ఎర్రమట్టిలా ఉండేది, వేలికి రాసుకుంటే సన్నటి గరుకు. దరోగా సాబ్ దాన్ని కాంపౌండు అనేవాడు, మేము మసాలా అనేవాళ్ళం. దరోగా అంటే మోటార్‌ఖానా మీది పెద్ద. మీసాలకు నూనె రాసుకుని, చేతిలో పేముబెత్తంతో తిరిగే మనిషి. ఎవరినీ కొట్టగా చూడలేదు కానీ ఆ బెత్తం లేకుండానూ చూడలేదు.

ఆ మసాలా మొదట్లో మా వాళ్ళను ఏడిపించింది. చల్లటి దేశాల్లో చేసిన వస్తువు. మన దగ్గర వేసవిలో మోటారు రేకు పెనంలా కాలుతుంటే, ముద్ద పెట్టి మిషిను తిప్పేలోపల అందులోని తడి ఎగిరిపోయేది. తడి పోయాక అది మసాలా కాదు, ఇసుక. ఎర్రగా ఉన్నది తెల్లబడి, పొడిపొడిగా లేచి, మెరుగు పెట్టాల్సింది గీతలు పెట్టేది. మా ఆయన ఎండిన దాని మీదే ఇంకొంచెం ముద్ద వేసి చూశాడు. ఇంకా పాడయింది. ఒకరోజు మామ వచ్చి కూర్చుని, చెవి పెట్టి, మిషిను చప్పుడు విని చెప్పాడు: "వార్నిషు మనిషి కోసం ఆగుతదిరా. ఇది ఆగదు. నువ్వే దాని యెంట ఉరకాలె." తర్వాత ఆయన చెప్పినట్టే పని మారింది. తెల్లవారుతుండగా మొదలుపెట్టి, ఎండ షెడ్డులోకి రాకముందే ఆపాలి. ముందు రేకు మీద తడిగోనె పరిచి చల్లబరచాలి. ఒక్కసారికి జానెడు మేర, జానెడు వెడల్పు, అంతకు మించి ముట్టుకోకూడదు. ఉన్నిలో ఎండిన మసాలా గట్టిపడితే కొబ్బరిపీచుతో దువ్వి వదిలించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముద్ద రంగు మారడం మొదలైన క్షణంలో దాని మీద నాలుగు నీటిబొట్లు పడాలి. ముందు పడితే ముద్ద జారిపోతుంది, పని చేయదు. ఆలస్యమైతే అంతే సంగతులు. మిషిను పట్టినవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు. అందుకని నీళ్ళు చల్లడానికి, మిషిను ఎత్తగానే తుడవడానికి ఇంకో మనిషి కావాలి.

మోటార్‌ఖానాలో చేతిసాయానికి ఉండే అతను అంతకుముందే గడబిడల కాలంలో ఊరు విడిచి పోయాడు. మామకు ముద్ద రంగు మారడం కనిపించదు. ఒక పొద్దున ఆయనే వచ్చి, "బిడ్డా, తడిగుడ్డ తీస్కొని రా" అన్నాడు. నేను కొంగు నెత్తిమీదికి లాక్కుని, గడప దాటి మోటార్‌ఖానాలోకి పోయాను. దరోగా సాబ్ నన్ను చూసి ముఖం చిట్లించి, ఆడమనిషి మోటారును ముట్టుకుంటే సర్కారు ఏమంటారో అని గొణిగాడు. మామ ఆయన వైపు తిరిగి, "సర్కారోళ్ళు మెరుగు జూస్తరు గని చెయ్యి జూస్తరా దరోగా సాబ్" అన్నాడు. దరోగాకు నవ్వు వచ్చింది. నేను ఉండిపోయాను.

ఆ పని నేను ఎంత ఇష్టంగా చేశానో ఎవరికీ చెప్పలేదు. ఎడమచేతిలో నీళ్ళలో ముంచిన మల్లుగుడ్డ, కుడిచేతిలో తుడిచే పాతబట్ట. ఆయన మిషిను ఆనించగానే నా కళ్ళు ఆ జానెడు మేర మీదే. ఎర్రటి ముద్ద సన్నగా పరుచుకుని, నిగనిగలాడి, అంచుల దగ్గర మంచు పట్టినట్టు కొంచెం పాలిపోయేది. అప్పుడు గుడ్డ పిండేదాన్ని. నాలుగు బొట్లు. మళ్ళీ ఎర్రబడేది. ఆయన నా వైపు చూసేవాడు కాదు, చూడక్కర లేదు. మొదటి వారం ఒకటి రెండుసార్లు తల తిప్పి చూశాడు, ఆ తర్వాత మానేశాడు. నీళ్ళు వస్తాయని తెలుసు. ఆయన మిషిను ఎత్తేలోపల నా బట్ట అక్కడ ఉండేది, నేను చెయ్యి తీసేలోపల మిషిను పక్క జానెడుకు పోయేది. ఇంజను హోరులో ఒక్క మాట లేదు. కానీ ఇంట్లో లేని కలివిడి మా ఇద్దరికీ అక్కడ ఉండేది. ఒకసారి తుడిచిన తలుపులో మా ఇద్దరి ముఖాలూ పక్కపక్కన కనబడ్డాయి. ఆయన అందులో నన్ను చూసి నవ్వాడు. నా వైపు తిరిగి నవ్వలేదు, తలుపులో ఉన్న నన్ను చూసి నవ్వాడు. పెళ్ళయి రెండేళ్ళు దాటాక అది మొదటిసారి. ఇంటికి వచ్చి రొట్టెలు మాడ్చాను.

తర్వాత రాజ్యం మారింది. జాగీర్లు పోతాయని మాట పుట్టింది, కొన్నాళ్ళకు నిజంగానే పోయాయి. బంగళాలో నౌకర్లు ఒక్కొక్కరే తగ్గారు. వంటవాడు పోయాడు, మాలి పోయాడు. నెమళ్ళు ఉండేవి, వాటిని ఎవరు తీసుకుపోయారో తెలియదు. సర్కారు రెండు మోటార్లు అమ్మేసి, మిగతా రెండూ తీసుకుని బొంబాయిలో స్థిరపడాలనుకున్నారు. అక్కడికి ఒక్క రంగుపనివాణ్ణి తీసుకుపోతారట. దరోగా మా ఆయన పేరు చెప్పాడు. సర్కారు సరే అనలేదు, కాదనలేదు. నల్ల మోటారుకు మెరుగు పెట్టమనండి, నేను వచ్చి చూస్తాను, అందులో నా గడ్డం దువ్వుకోగలిగితే తీసుకుపోతాను, అన్నారట. ఆ మోటారు మూడేళ్ళుగా ఎండకు పాలిపోయి, నల్లరంగు బూడిదరంగుకు తిరిగి ఉంది.

ఇదంతా మా ఆయన నాకు చెప్పలేదు. మామకు చెప్పాడు, నేను రొట్టెలు చేస్తుంటే పంచలోంచి వినపడింది. బొంబాయిలో నౌకర్లకు నలుగురికి ఒక గది అట. ఆడవాళ్ళను తేవద్దన్నారట. రెండేళ్ళకొకసారి సెలవట. మామ నోట్లోని చుట్ట తీసి కింద పెట్టాడు. తర్వాత, "పో కొడుకా, ఈ బండల్ల ఏమున్నది" అన్నాడు. నా పేరు ఎవరి నోటా రాలేదు. నేను పెనం మీది రొట్టె తిప్పుతూ ఆగాను. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు లోపలికి వచ్చి చెప్తాడు అని. ఆయన లోపలికి వచ్చాడు, అంగీ తీసి కొయ్యకు తగిలించాడు, "అన్నం బెట్టు" అన్నాడు.

నల్ల మోటారు మీద మూడు రోజులు పని. మొదటి రోజు వెనక భాగం, రెండో రోజు తలుపులు. జానెడు తర్వాత జానెడు, బూడిదలోంచి నలుపు బయటికి వస్తుంటే అమావాస్య నాటి బావిలోకి చూసినట్టుండేది. నేను నీళ్ళు చల్లాను, తుడిచాను. నా చేతులతోనే ఆయన్ను పంపిస్తున్నానని తెలుసు. తెలిసీ ఒక్క బొట్టు తప్పలేదు. ఎందుకంటే ఆయన చెప్తాడని ఇంకా అనుకుంటున్నాను. మూడోరోజు బానెట్టు ఒక్కటే మిగిలింది. అది అన్నిటికన్నా పెద్దది, నడుమ పొడుగునా కత్తి అంచులా లేచిన మిట్ట. అట్లాంటి మిట్టల మీద రంగు పొర పలచగా ఉంటుంది, మామ రోజూ చెప్పే మాటే. ఆ పొద్దున ఇంజను మొండికేసి ఆలస్యంగా మొదలైంది. అప్పటికే ఎండ షెడ్డు గడపలోకి వచ్చింది. సర్కారు మధ్యాహ్నానికి ముందే వస్తారని దరోగా రెండుసార్లు వచ్చి చెప్పిపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు మోటారు చుట్టూ తిరిగి, తలుపులో మీసం చూసుకుని, మా ఆయన భుజం తట్టి అన్నాడు: "ఇగ ఫికర్ లేదు నర్సింలూ. రైలు టికెట్‌కు మనిషిని పంపిన. ఐతారం పోతున్నవ్."

ఐతారమంటే ఆదివారం, ఇంక నాలుగు రోజులు. మా ఆయన నవ్వాడు. తలుపులో నన్ను చూసి నవ్విన నవ్వే. కానీ ఈసారి ఆయన దరోగా వైపు తిరిగి, ముఖం ఎత్తి, పండ్లు కనిపించేలా నవ్వాడు. అంత సంతోషం ఆ ముఖం మీద నేనెప్పుడూ చూడలేదు. నేను అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, తడిగుడ్డ పట్టుకుని నిల్చున్నాను.

మళ్ళీ పని మొదలైంది. బానెట్టు మిట్ట దగ్గరి జానెడు. ఆయన ముద్ద రాసి మిషిను ఆనించాడు. ముద్ద పరుచుకుంది, నిగనిగలాడింది, అంచుల దగ్గర పాలిపోవడం మొదలైంది. గుడ్డ నా చేతిలోనే ఉంది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మోచేతికి కారుతున్నాయి. పిండలేదు. ఆ పాలిపోవడం అంచుల నుంచి నడుమకు పాకింది. ఇప్పుడైనా పిండవచ్చు. పిండలేదు. తెల్లబడింది. సన్నగా పొడి లేచి, తలుపు సందులోంచి వచ్చే ఎండలో ఎగిరింది. ఆయన చేతుల కండరాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. ఆయన తల ఎత్తలేదు, నా వైపు చూడలేదు, మిషినూ ఎత్తలేదు. ఒక్కసారి కమురు వాసన వచ్చింది. మిట్ట మీద నలుపు పోయి, లోపలి ఎర్రరంగు బయటపడింది. రూపాయి బిళ్ళంత. అప్పుడు ఎత్తాడు. మిషిను గాలిలో తిరుగుతూనే ఉంది, ఇంజను కొట్టుకుంటూనే ఉంది. మేమిద్దరం ఆ ఎర్రటి మచ్చ వైపు చూస్తూ నిల్చున్నాము. అది పుండులా ఉంది. నేను చేసిందే, నాకు తెలుసు, అయినా ఎవరో వచ్చి చేసిపోయినట్టు చూశాను.

దరోగా వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇంజను ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో, ఇది ఎవరి తప్పు అని అడిగాడు. ఆయన చూపు నా చేతిలోని గుడ్డ మీద పడింది. మా ఆయన ఆ చూపుకు అడ్డంగా వచ్చి, "నా చెయ్యి జారింది సాబ్. ఎవరి తప్పు లేదు" అన్నాడు. సర్కారు వచ్చారు, చూశారు, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదని మామ తర్వాత అన్నాడు. ఐతారం నాడు నల్ల మోటారు, ఇంకో మోటారు రైలెక్కడానికి పోయాయి. వాటితో పట్నంలోని వేరే పనివాడెవరో పోయాడు. మిషినును కూడా కట్టి తీసుకుపోయారు. ఆ ఇనుప పీట ఉన్నచోట నేల మీద నూనె మరక మిగిలింది.

మచ్చ పడ్డ రోజే, సర్కారు వెళ్ళిపోయాక, అప్పటికి చూపు పూర్తిగా పోయిన మామ బానెట్టు దగ్గరికి తడుముకుంటూ వచ్చాడు. మచ్చ మీద వేలు పెట్టాడు. మచ్చ చుట్టూ ఉన్న పొడిని బొటనవేలు, చూపుడువేలు నడుమ నలిపాడు. నేను తప్ప షెడ్డులో ఎవరూ లేరు. ఆయన నా వైపు ముఖం తిప్పాడు. చూపు లేని కళ్ళు, అయినా నేను తల దించుకున్నాను. "నీళ్ళు పడలే" అన్నాడు. "సరే. నువ్వు సల్లలే. మరి వాడేం జేసిండు? మిషిను పట్టినోనికి ఎండింది తెల్వదా బిడ్డా. చెయ్యికి తెలుస్తది, కంటి కన్న ముందుగాల తెలుస్తది. వాడెందుకు ఎత్తలే?" ఆ మాట నన్ను అడిగాడో, తనను తాను అడుక్కున్నాడో తెలియదు. తడుముకుంటూ వెళ్ళిపోయాడు. ఆనాటి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన నీళ్ళు అడగలేదు. లేచి, గోడ పట్టుకుని కడవ దగ్గరికి పోయి, చెంబు వెతుక్కుని, తానే ముంచుకుని తాగాడు. సగం నీళ్ళు పంచె మీద పోసుకున్నాడు. మర్నాడూ అంతే. ఆయన ఇంకా రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ నేను కడవకు తడిబట్ట చుడుతూనే ఉన్నాను, ఆయన నన్ను అడగకుండానే తాగాడు. పోయేనాడు మాత్రం నోట్లో నీళ్ళు పోయమని ఊరివాళ్ళు చెంబు నా చేతికి ఇచ్చారు. అప్పుడు ఆయన కాదనలేని స్థితిలో ఉన్నాడు.

కానీ మామ వేసిన ప్రశ్నను నేను ఊతకర్రలా పట్టుకున్నాను. వాడెందుకు ఎత్తలేదు? నాకు ఒక్కటే జవాబు తోచింది. ఆయనకు కూడా పోవాలని లేదు. నాతో చెప్పలేక, సర్కారుతో కాదనలేక, ఎండిందని తెలిసీ మిషిను ఎత్తలేదు. అంటే ఆ మచ్చ మేమిద్దరం కలిసి చేసిందే. దరోగా ముందు నవ్విన నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఈ జవాబును దాని మీద పరిచేదాన్ని, కాలే రేకు మీద తడిగోనె పరిచినట్టు. దాని మీదే నలభై ఏళ్ళు గడిపాను. ఇద్దరు బిడ్డలను కన్నాను, పెంచాను, పెళ్ళిళ్ళు చేశాను.

ఆయన ఆ తర్వాత మోటార్ల జోలికి పోలేదు. మణికొండ, నానక్‌రాంగూడ, కొండాపూర్, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయి తలుపులకు, ఎడ్లబండ్లకు, దుకాణాల పలకలకు కుంచెతో రంగు వేసేవాడు. వాళ్ళ నాయన లాగా ఆగే రంగులు, రెండు రోజులకు గానీ ఆరని రంగులు. ఎప్పుడూ ఒక్కడే. డబ్బా ఒక్కడే మోసుకునేవాడు, నిచ్చెన ఒక్కడే ఎక్కేవాడు. ఎవరినీ సాయానికి పెట్టుకోలేదు. మా ఇంటి తలుపులకు రంగు వేసేటప్పుడు నేను పోయి నిచ్చెన పట్టుకుంటే, "నువ్వు లోపలికి పో, నేను జూసుకుంట" అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు. అందరితో ఎట్లా ఉండేవాడో నాతోనూ అట్లాగే ఉన్నాడు, అదే నాకు కష్టంగా ఉండేది. ఒకే గిన్నెలో వండుకుని, ఒకే కప్పు కింద పడుకుని, వేర్వేరు ఊళ్ళలో ఉన్నట్టు ఉన్నాము. బొంబాయికి పోయి ఉంటే రెండేళ్ళకొకసారైనా నన్ను చూడాలని వచ్చేవాడేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇప్పుడు ఆ బండలు లేవు. మందుపెట్టి పేల్చినవి కొన్ని, పునాదుల కింద పోయినవి కొన్ని. బంగళా ఉన్నచోటు ఏదో నాకు ఖచ్చితంగా తెలియదు. మెట్రో మెట్ల దగ్గరా, అద్దాల మేడ దగ్గరా అని స్వప్న అడిగితే రెండింటి నడుమ చెయ్యి ఊపాను. అప్పుడు కిలోమీటరు దూరంలో కోడి కూసినా వినపడేది, ఇప్పుడు పక్క ఫ్లాటులో మనిషి పోయినా లిఫ్టు దగ్గర కాగితం అంటిస్తేనే తెలుస్తుంది. ఆ కాలం మంచిది, ఈ కాలం చెడ్డది అని నేను అనను. ఆ నిశ్శబ్దంలో నేను పడ్డది పగవాళ్ళకు కూడా వద్దు. నా మనవరాలికి కోపం వస్తే కోపం అంటుంది, బాధ వస్తే ఫోను తీసి అవతలివాడిని కడిగేస్తుంది. దాన్ని చూస్తే నాకు భయమూ సంతోషమూ రెండూ. నాకు ఆనాడు "నువ్వు పోతే నేనేమైపోవాలె" అనే ఒక్క వాక్యం నోటికి వచ్చి ఉంటే చాలు, ఆ బానెట్టు బతికేది.

ఆనాడు నేను చేసిన పని ఆయనకు చివరికి చెప్పాను. ఆయన పోవడానికి మూడేళ్ళ ముందు. పిల్లలు వేరుగా ఉన్నారు, ఇంట్లో ఇద్దరమే. ఎండాకాలం ముగిసి మొదటి వాన పడి వెలిసిన మధ్యాహ్నం. ఆయన వాకిట్లో కూర్చుని ఇనుప గేటుకు ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి, అయినా గీత తప్పడం లేదు. నేను గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఎందుకు ఆ రోజే నోరు వచ్చిందో తెలియదు.

"ఆ నల్ల మోటారు నాడు నేను కావాలనే నీళ్ళు సల్లలే" అన్నాను.

ఆయన కుంచె ఆపలేదు. ఆ చువ్వ చివరిదాకా రంగు వేసి, కుంచెను డబ్బా అంచుకు ఒత్తాడు.

"నాకెర్కే."

"ఎప్పటి సంది?"

"అప్పటి సందే."

నలభై ఏళ్ళ నుంచి దాచుకున్న జవాబు ఇప్పుడు ఆయన నోట వింటాననుకున్నాను. చాటలో చెయ్యి పెట్టుకునే అడిగాను. "ఎండింది నీ చెయ్యికి తెల్సింది గద. మరి మిషిను ఎందుకు ఎత్తలే? నీకు గూడ పోబుద్ధి గాలేదా?"

ఆయన మొదటిసారి నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. చాలా పాత వస్తువును ఎక్కడ పెట్టానా అని వెతుకుతున్న మనిషిలా ఉన్నాడు.

"పోవాలెననే ఉండె" అన్నాడు. "శానా ఉండె."

కుంచెను డబ్బా మీద అడ్డంగా పెట్టాడు.

"ఎండుతున్నదని తెల్సింది. ఇప్పుడు సల్లుతది, ఇప్పుడు సల్లుతది అనుకున్న. నువ్వు ఎప్పుడు తప్పకపోతివి. నువ్వుండంగ నేనెందుకు ఎత్తాలె అనుకున్న."

అంతే అన్నాడు. మళ్ళీ గేటు వైపు తిరిగి, ఇంకో చువ్వ మొదలుపెట్టాడు. నేను చాట పక్కన పెట్టి, లేచి, ఆయన దగ్గరికి పోయి నిల్చున్నాను. డబ్బా నేల మీద ఉంది, ఆయన ప్రతిసారీ వంగి ముంచుకుంటున్నాడు. నేను డబ్బా ఎత్తి ఆయన చేతికి అందేలా పట్టుకున్నాను. నువ్వు లోపలికి పో అంటాడని ఎదురుచూశాను. అనలేదు. పట్టుకో అనీ అనలేదు. చివరి చువ్వ అయ్యేదాకా ఆయన కుంచె వచ్చి డబ్బాలో మునిగి గేటుకు పోతూనే ఉంది, ఒక్కసారి కూడా నా చేతి వైపు చూడలేదు.